సింహాచలం తిన్న విస్తళ్ళు

"అన్నం తింటావా, గడ్డి తింటావా?" అని అడిగితే మన వైపు ఎవరైనా చొక్కా చేతులు మడిచి మీదికొస్తారు. సింహాచలం మాత్రం కాస్త ఆలోచించి, "గడ్డయితే తింటానండి" అని వినయంగా జవాబు చెప్పాడు.

అడిగిన ఈశ్వరమ్మ గారు గరిటెడు పులిహోర గాల్లోనే ఆపేసింది. అరకు నుంచి కొండ దిగే పాసింజరు రైల్లో ఆవిడది ఎదురు సీటు. అప్పటికి ఎన్నోసార్లు పెట్టబోయింది, అన్నిసార్లూ అతను వద్దన్నాడు. విసుగొచ్చి ఆ మాట అంది. తిట్టుకి ఇలాంటి సమాధానం వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

రైలు సొరంగంలో ఇరుక్కుపోయింది. వానకి ముందు మూతి దగ్గర ఒక బండ జారిపడింది. వెనక్కి వెళ్దామనుకునేసరికి వెనక మూతి దగ్గర ఇంకోటి పడింది. రెండూ ముందే మాట్లాడుకున్నట్టు పడ్డాయి. రాళ్ళు తియ్యడానికి మనుషులు బయల్దేరారని గార్డు చెప్పి వెళ్ళాడు. ఫోన్లు పనిచెయ్యలేదు. బోగీలో మసక లైట్లు, గోడల మీద నీటి చెమ్మ, వీటన్నిటి మధ్య ఈశ్వరమ్మ గారి క్యారియరు. పులిహోర, గారెలు, పెరుగన్నం. ఆ వాసనకి చచ్చినవాడు లేచి వచ్చి పక్కన కూర్చుంటాడు. చావబోతున్న సింహాచలం మాత్రం ముక్కు మూసుకున్నాడు.

"ఏటమ్మా, మీ తమ్ముడికి ఏదైనా మొక్కుందా?" అని ఈశ్వరమ్మ గారు అతని పక్కనున్న ఇందుమతిని అడిగింది.

"మొక్కు లేదండి. మొక్కలే" అంది ఇందుమతి నీరసంగా.

ఈ గొడవంతా ఒక సంచితో మొదలైంది.

సింహాచలానికి నడక పిచ్చి. మారేడుమిల్లి దగ్గర అడవిలో అడుగుపెట్టి, కనుమల మీదుగానే నడిచి అరకులో తేలాలని పట్టుబట్టాడు. అంత దూరం నడిచేవాడికి కాళ్ళ గురించి బెంగ ఉండదు, తిండి గురించి ఉంటుంది. తిండి ఎక్కువ పట్టుకెళ్తే బరువు. బరువు మోస్తే ఆకలి. ఆకలేస్తే ఇంకా తిండి. చివరికి మనిషి తిండి మోయడానికే తిండి తింటూ పోవాలి.

పైగా సంచి సర్దింది తల్లి వరహాలమ్మ. గోపాలపట్నంలో కొడుకుని పక్క వీధికి పంపినా ఆవిడ పొట్లం కట్టిచ్చే రకం. అటుకులు, వేయించిన సెనగపప్పు, బెల్లం, చేగోడీలు, సున్నుండలు, ఆవకాయ సీసా, అది పగిలితే ఉంటుందని ఇంకో ఆవకాయ సీసా. సింహాచలం సంచి ఎత్తబోతే సంచి లేవలేదు గానీ, ఇల్లు కాస్త పక్కకి జరిగినట్టనిపించింది.

అది చూసి అక్క నవ్వింది. ఇందుమతి సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తుంది. తమ్ముణ్ణి ల్యాబుకి తీసుకెళ్ళి గాజు గ్లాసులో పెరుగులాంటిది పోసి, ఆ రోజు పేపరు ముక్కలు ముక్కలుగా చింపి అందులో వేసింది. సాయంత్రానికి పేపరు లేదు. తియ్యటి గంజి ఉంది. వార్తలు మాత్రం నల్లటి మరకలా అడుగున మిగిలాయి, అరగక.

"చెదపురుగు కడుపులో ఉండే జీవులు ఇవి. మేక కడుపులోవి కూడా కొన్ని కలిపేను" అంది ఇందుమతి. "ఆకైనా గడ్డైనా చక్కెర చేసి పెడతాయి. నువ్వు తిండి మోయక్కర్లేదురా. అడవే నీ క్యారియరు."

"మరి నా కడుపులో ఉంటాయా అవి?"

"ఊరికే ఉండవు. అందుకే అమ్మ పెరుగులో పెంచేను. ఆ పెరుగంటే నీ కడుపుకి చిన్నప్పట్నుంచీ చుట్టరికం. చుట్టంతో వచ్చినవాణ్ణి ఎవరూ గుమ్మంలో ఆపరు."

వరహాలమ్మ పెరుగు తోడు ఆవిడ అత్తగారిది, ఆ అత్తగారికి వాళ్ళ అత్తగారు ఇచ్చింది. ఆ ఇంట్లో కోడళ్ళు మారారు, గిన్నెలు మారాయి, పెరుగు మారలేదు.

"దిగొచ్చేక మాత్ర వేసి వీటిని చంపేస్తాను. వెంటనే అమ్మ పెరుగు తినీ. పాత కడుపు నీకొచ్చేస్తాది" అంది ఇందుమతి. "కానీ అంతవరకూ అన్నం ముట్టకు. పెళ్ళింటి వెనకాల అన్నం కుప్ప తిన్న ఆవుకి ఏటవుద్దో తెలుసు కదా?"

తెలుసు. డప్పులా ఉబ్బి చస్తుంది.

ఇలాంటివి మనిషి మీద ప్రయోగించాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. ఇందుమతి పైవాళ్ళని అడగలేదు. తమ్ముడు మనిషి కిందికి రాడని ఆమెకి చిన్నప్పట్నుంచీ ఒక అభిప్రాయం. మందు సీసా చూస్తే సింహాచలానికి వాంతి వస్తుంది కాబట్టి ఆ పెరుగుని ఇంటికి తెచ్చి, మామూలు స్టీలు గిన్నెలో వేసి, పంచదార కలిపి పెట్టింది. అతను తినగలిగినంత తిని, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి, సంచిలోని తిండంతా మంచం కింద దాచేసి, ఖాళీ సంచి భుజాన తగిలించుకుని, చేతులూపుకుంటూ అడవికి వెళ్ళిపోయాడు.

మొదట్లో స్వర్గం. వీపు మీద బరువు లేదు. లేత చింతచిగురు టిఫిను, వెదురాకు భోజనం, మధ్యలో నంజుకోవడానికి పొన్నగంటికూర. ఆకలేసినా సింహం గడ్డి తినదంటారు. సింహాచలం తిన్నాడు, మారు కూడా వడ్డించుకున్నాడు.

తర్వాత తెలిసింది అసలు సంగతి. అన్నమైతే గబగబా తినేసి చెయ్యి కడుక్కోవచ్చు. ఆకు అలా కాదు. నమలాలి. పొద్దున్న మొదలెట్టిన తోటకూర మధ్యాహ్నానికి గానీ గొంతు దిగదు. అది దిగేసరికి మళ్ళీ ఆకలి. నడవడానికి వచ్చినవాడు మేస్తూ కూర్చున్నాడు. దవడలు బలిసి మొహం పలకలా తయారైంది. మంచి చిగురున్న పొద కనిపిస్తే మేకలు అతన్ని చూసి కొమ్ములు దించేవి. ఒక మేకతో అయితే మూడు కొండల దాకా వైరం నడిచింది.

ఒక గూడెంలో ఒకావిడ వేడన్నంలో చారు పోసి చేతికిచ్చింది. కాదనలేక ఒక్క ముద్ద తిన్నాడు. ఒక్కటే. పొట్ట ఉబ్బి, బిగిసి, ఊపిరి ఆడక పొద్దు వాలేదాకా నేల మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. అన్నం పెట్టిన మనిషి పక్కన కూర్చుని ఏడ్చింది, తన చేతి వంట మనిషిని చంపేస్తోందని. ఆ రోజు తర్వాత అతను ఊళ్ళ వైపు వెళ్ళలేదు. పొగ కనిపిస్తే చుట్టూ తిరిగి పోయేవాడు. అంత పెద్ద అడవి, ఎటు చూసినా తిండి, కట్టేసినవాడు లేడు, అయినా పలుపుతాడు ఎక్కడో ఉన్నట్టే ఉండేది. సంచి వీపు మీంచి దిగి కడుపులోకి ఎక్కిందని అప్పుడు అర్థమైంది.

అరకులో ఇందుమతి ఎదురొచ్చేసరికి అతను స్టేషను కంచెకి పాకిన కాశీరత్నం తీగ తింటున్నాడు.

"పద. ఇంటికెళ్ళీ, మాత్ర వేసీ, పెరుగు పెట్టించేస్తాను" అంది ఆమె. అన్నదే గానీ తమ్ముడి కళ్ళలోకి చూడలేకపోయింది.

ఇదిగో, ఆ ఇంటికి వెళ్ళే దారిలో ఈ సొరంగం.

అడవిలో ఆకలేస్తే చెయ్యి చాపితే చాలు. సొరంగంలో ఆకులేవి? సింహాచలం ముందు తన తాటాకు టోపీ తిన్నాడు. తర్వాత టికెట్టు వైపు చూస్తే ఇందుమతి లాగేసుకుంది. ఒళ్ళు చల్లబడిపోతోంది. ఎదర ఈశ్వరమ్మ గారు బోగీలో అందరికీ వడ్డిస్తోంది, అడ్డాకు విస్తళ్ళలో.

అతని చూపు అక్కడ ఆగిపోయింది.

ఈశ్వరమ్మ గారు మనవడి అన్నప్రాశనకని అరకు సంతలో ఒక కట్ట విస్తళ్ళు కొంది. ఎండిన అడ్డాకులు, వెదురు పుల్లలతో కుట్టినవి.

"అమ్మా, ఆ విస్తరి ఒకటి ఇస్తారా?"

"హమ్మయ్య! ఇప్పటికి దారికొచ్చేడు. ఎంత పెట్టమంటావు బాబూ?"

"ఏమీ పెట్టకండి. ఒట్టిది చాలు."

ఆవిడ ఒట్టి విస్తరి ఇచ్చింది. సింహాచలం దాన్ని అప్పడంలా విరిచి నోట్లో వేసుకున్నాడు. పుల్లలు కూడా వదల్లేదు. బోగీ అంతా నోట్లో ముద్దలు నోట్లోనే పెట్టుకుని చూసింది. అది అయిపోతే రెండోది అడిగాడు.

"ఓలమ్మో! అందరూ అన్నం తిని ఆకు పారేస్తారు, ఈ బాబు అన్నం పారేసి ఆకు తింటున్నాడు" అంది ఈశ్వరమ్మ గారు. అన్నా కూడా, పెట్టే చెయ్యి ఊరుకోదు కదా. "పోనీ ఆకు మీద కాస్త ఉప్పు జల్లమంటావా?"

ఉప్పు జల్లింది. అతను తింటుంటే కళ్ళు తుడుచుకుంది. అది చూసి అతనికీ ఏడుపొచ్చింది. ఎందుకంటే ఉప్పు జల్లిన ఆకు మీద ఆవిడ చేతికున్న పులిహోర నూనె కాస్త అంటింది. ఆవాలు, ఇంగువ, చింతపండు. ఇల్లు నాలుక మీదికొచ్చి నిలబడ్డట్టుంది. ఇంక ఆగలేకపోయాడు. అక్క బ్యాగు జిప్పు తీసి, మాత్ర వెతికి, నీళ్ళు కూడా లేకుండా మింగేశాడు.

"ఒరేయ్! ఎవడు మింగమన్నాడ్రా?" ఇందుమతి అరుపుకి పక్క బోగీ వాళ్ళు రాళ్ళు తీసేశారనుకుని చప్పట్లు కొట్టారు.

"ఇంక నావల్ల కాదే అక్కా. కాసేపటికి పులిహోర తినొచ్చు కదా?"

"ఏం తినీగలవు? ఇప్పుడు నీ కడుపు ఖాళీ ఇల్లు. ఆకూ అరగదు, అన్నమూ అరగదు. ఇవాళ్టి లోపల అమ్మ పెరుగు పడకపోతే చావకుండా నాలుగు మిగిలినా మళ్ళీ పుట్టుకొస్తాయి. ఈసారి మాత్రకి లొంగవు. జన్మంతా నువ్వు ఆకులే!"

"బయట పడగానే ఇంటికే కదా వెళ్తాం. అమ్మ పెరుగు ఎక్కడికి పోద్ది?"

"అవునవును" అని ఇందుమతి ఊపిరి పీల్చుకుంది. అంతలోనే ఏదో గుర్తొచ్చి, "నేనిచ్చిన గిన్నెలో మిగిలిందేటి చేసేవు?" అంది.

"ఫ్రిజ్‌లో పెట్టేను. కింద అరలో."

"మూత పెట్టి?"

"మూత పెట్టే."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. స్టీలు గిన్నె. తెల్లటి పెరుగు. వరహాలమ్మ ఫ్రిజ్. ఆవిడ రోజూ సాయంత్రం గోరువెచ్చని పాలు పట్టుకుని ఫ్రిజ్ తలుపు తీస్తుంది, ముందు కనబడిన పెరుగు గిన్నెలోంచి ఒక చెంచా తీస్తుంది. ప్రపంచంలో ఏ ల్యాబులోనైనా సూక్ష్మజీవి తప్పించుకోకుండా తలుపులు, తాళాలు, గ్లౌజులు ఉంటాయి. ఇందుమతి ల్యాబులోనూ ఉన్నాయి. తోడు చెంచాకి మాత్రం ఎవరూ తాళం వెయ్యలేదు.

"అక్కా" అన్నాడు సింహాచలం మెల్లగా, "అమ్మ తోడు వీధంతా పంచుతాది కదా."

ఇందుమతి బ్యాగు జిప్పు మూసేసింది. ఇటు బండ, అటు బండ, కడుపు ఖాళీ, ఇంట్లో పెరుగు లేదు. ఈశ్వరమ్మ గారికి కథంతా అర్థం కాకపోయినా కష్టం అర్థమైంది. ఒక విస్తరి మడిచి అతని సంచిలో పెట్టింది. "ఉంచుకో నాయనా. ఎప్పుడో ఒకప్పుడు ఇందులో అన్నమే తిందువు గాని."

ముందు బండ కదిలి రైలు వెలుగులోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఫోను కూడా అప్పుడే ప్రాణం పోసుకుంది.

"అమ్మా! పెరుగు ఎలాగుందే?" అన్నాడు సింహాచలం.

"మనుషులెలాగున్నారని అడగవేటిరా? పెరుగు భలే తోడుకుంటోంది నానా, గడ్డలా! వీధిలో అందరికీ ఇచ్చేను. ఏటో గానీ నాకే అన్నం సయించట్లేదు. తింటే కడుపుబ్బరం. కరివేపాకు మాత్రం భలే రుచిగా ఉంటోంది."

"కరివేపాకు... ఎంత తింటున్నావే?"

"చెట్టు అయిపోయింది. ఇప్పుడు మందార తింటున్నాను."

సింహాచలం ఫోను అక్కకిచ్చేసి కిటికీ చువ్వ పట్టుకున్నాడు. సొరంగం వెనకబడిపోయింది. అయినా ఊపిరి ఆడలేదు.

వాళ్ళు ఆటో దిగేసరికి వీధిలో ఒక్క ఇంటికీ పూలమొక్క లేదు. ప్రహరీ కంచెలు పుల్లలు పుల్లలుగా ఉన్నాయి. పెద్దమనుషులు అరుగుల మీద కూర్చుని పేపరు చదువుతూ, చదివిన పేజీ చదివినట్టు నోట్లో పెట్టుకుంటున్నారు. ఇందుమతి తల దించుకుని నడిచింది. వరహాలమ్మ కొడుకు దవడలు చూసి గుండెలు బాదుకుంది. కూతురు చెప్పింది విని ఇంకోసారి బాదుకుంది.

"అయితే మా అత్త పెరుగు పోనట్టేనా?"

"పాత తోడు ఎవరింట్లోనైనా ఉందేమో ఆలోచించే అమ్మా. సింహం అడవికి వెళ్ళేక నీ దగ్గర తోడు తీసుకెళ్ళనివాళ్ళు."

వరహాలమ్మ ఆలోచించింది. వీధిలో ఆవిడ దగ్గర తోడు తీసుకోని ఇల్లు ఒక్కటే. ఆ ఇంటి పేరు నోటితో చెప్పకుండా గడ్డంతో చూపించింది. ఎదురిల్లు. ఆ గుమ్మంలో మందార మొక్క నిండుగా పూసి ఉంది.

కనకరత్నం గారిల్లు అది. ఎప్పుడో ఆవిడ వరహాలమ్మ తోడు తీసుకెళ్ళి, నాలుగు రోజులాగి, "నా చేతిలో నీ పెరుగు ఇంకా తియ్యగా తోడుకుంటోంది వదినా" అంది. "నా తోడు తీసుకెళ్ళి నాకే పాఠాలా? పులిసిన పెరుగు!" అని వరహాలమ్మ వీధి మధ్యలో నిలబడి ప్రకటించింది. అప్పట్నుంచీ రెండిళ్ళ మధ్య రోడ్డు సముద్రమైంది. ఒకళ్ళ కాకి ఇంకొకళ్ళ గోడ మీద వాలదు.

"నేనెళ్ళను" అంది వరహాలమ్మ.

సింహాచలం గుమ్మంలోనే కూలబడ్డాడు. నిలబడడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. తల్లి అతని పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. బయట ఎండ ఎర్రబడుతోంది. దీపాలు పెట్టాక ఎవరూ పెరుగు తోడు ఇవ్వరు, అడగరు. లక్ష్మి వెళ్ళిపోతుంది. కనకరత్నం గారు ఆ పట్టింపులో ముత్తైదువలకి ముత్తైదువ.

వరహాలమ్మ లేచి గిన్నె తీసుకుంది. కొడుకు ఒక చెయ్యి అక్క భుజం మీద వేసి వెనకే నడిచాడు.

కనకరత్నం గారు అరుగు మీద కూర్చుని వత్తులు చేస్తోంది. పక్కన అగ్గిపెట్టె.

"ఏటి వదినగారూ, ఇల్లు మర్చిపోయి వచ్చీసేరా?"

"తోడుకి కాస్త పెరుగు కావాలి."

"నా పెరుగా? పులిసిపోయింది కదా!"

అది నా పెరుగే అన్న మాట వరహాలమ్మ నోటి చివరిదాకా వచ్చింది. నమిలి మింగేసింది. ఈ మధ్య నమలడం ఆవిడకి బాగా అలవాటైంది.

"నీ పెరుగు తియ్యగానే ఉంటాది" అంది.

కనకరత్నం గారు పుల్ల తీసి గీయబోయింది. "సరిగ్గా వినబడలేదు వదినా."

"నీ పెరుగు నా పెరుగు కంటే తియ్యగా ఉంటాది!" వరహాలమ్మ గొంతు వీధి చివరిదాకా వినబడింది. పేపరు తింటున్నవాళ్ళు నమలడం ఆపారు. "నా కొడుకు అన్నం తిని ఎన్నాళ్ళయిందో తెలుసా? దీపం పెట్టకే రత్నం. కాస్సేపు ఆగు."

కనకరత్నం గారి చెయ్యి ఆగింది. అప్పుడు చూసింది సింహాచలాన్ని. చిన్నప్పుడు ఆ పిల్లాడు ఆవిడ గుమ్మంలోనే బంతి పారేసుకునేవాడు. పుల్ల పెట్టెలో పెట్టేసి లోపలికి వెళ్ళి చిన్న గిన్నె తెచ్చింది.

"ఇంతే ఉంది. ఇందులో సగం రేపటికి తోడుంచాలి. లేకపోతే నాకూ ఉండదు, మీకూ ఉండదు, ఈ వీధికీ ఉండదు."

"సగం ఒక కడుపుకి సరిపోద్ది" అంది ఇందుమతి. తర్వాత తల్లి వైపు చూసి ఆగిపోయింది. "అమ్మా, నీక్కూడా..."

"నాకేటయింది? నేను రేపు తింటాను. వాడికి పెట్టు."

ముందు ఒట్టి పెరుగు తిన్నాడు. తర్వాత కాసేపు ఆగమంది ఇందుమతి. కనకరత్నం గారు దీపం పెట్టింది. వరహాలమ్మ వేడన్నం వండి తెచ్చింది. సింహాచలం సంచిలోంచి ఈశ్వరమ్మ గారిచ్చిన విస్తరి తీసి పరిచాడు. తల్లి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టింది. మింగాడు. ముగ్గురు ఆడవాళ్ళూ అతని పొట్ట వైపే చూస్తూ కూర్చున్నారు, పాలు పొంగుతాయేమోనని చూసినట్టు.

పొంగలేదు.

రెండో ముద్ద పెట్టింది. మూడోది అతనే కలుపుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని తిన్నాడో ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఇందుమతి మొహం చీర చెంగులో దాచుకుంది, కనకరత్నం గారు వత్తి సర్దుతున్నట్టు అటు తిరిగింది.

"పెరుగు ఎలాగుంది?" అంది అటు తిరిగే.

సింహాచలం తల్లి వైపు చూశాడు. "మా నానమ్మ పెరుగులా ఉందత్తా" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ దాన్ని కాదనలేకపోయారు.

అతను తిని చెయ్యి కడుక్కున్నాక వరహాలమ్మ అలవాటుగా విస్తరి ఎత్తింది. పారెయ్యడానికి రెండడుగులు వేసి ఆగింది. పొద్దున్నుంచీ ఆవిడ కడుపులో మందారాకులు తప్ప ఏమీ లేవు. అటు తిరిగి, అంచు విరిచి, మెల్లగా నమలడం మొదలెట్టింది.

కొడుకు తిన్న విస్తట్లో తినడం ఆవిడకి కొత్త కాదు. విస్తరిని తినడమే కొత్త.